జత కలవని బట్ట

"డిజైన్‌లా ఉందండీ" అన్న మాటను తిట్టుగా కూడా వాడొచ్చని బాపిరాజుగారిని కలిసేదాకా నాకు తెలియదు. ఆయన బంజారాహిల్స్‌లో చిన్న గ్యాలరీ నడుపుతారు. భీమవరం వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు. నా బొమ్మల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తల కాస్త పక్కకు వంచి, "బాగుందమ్మా, చాలా నీటుగా ఉంది. కాకపోతే డిజైన్‌లా ఉందండీ" అంటారు. ఇక ఆ రోజు నాకు అన్నం సయించదు.

ఆయన అన్నది అబద్ధమైతే పోట్లాడొచ్చు. నిజమని నాకూ తెలుసు. అదే నా ఏడుపు.

మాది చేనేత ఇల్లు. మా నాన్న సైదాబాద్‌కు మారి బట్టల వ్యాపారంలో పడేదాకా నేను పోచంపల్లిలోనే పెరిగాను. అక్కడ మా ఆడవాళ్ల పని నూలుకు చిటికి కట్టడం. రంగు అంటకూడని చోట దారాన్ని రబ్బరు పట్టీతో బిగించి ముడి వెయ్యాలి. ఈ పక్క ఒక ముడి పడితే ఆ పక్క అంతే దూరంలో ఇంకో ముడి పడాలి. లేకపోతే మగ్గం మీదికి వచ్చేసరికి పువ్వు వంకరపోతుంది, చీర పాడవుతుంది, ఇంట్లో అందరి మొహాలూ మాడిపోతాయి. నాకు అక్షరాలు రాకముందే చేతికి ఆ లెక్క వచ్చేసింది. తర్వాత ఫైన్ ఆర్ట్స్ చదివాను, గొప్పగొప్ప వాళ్ల బొమ్మలు పుస్తకాల్లో చూశాను, వంకరగా ఉండటంలో ఎంత అందముందో పేజీలకు పేజీలు పరీక్షల్లో రాశాను. చెయ్యి మాత్రం మారలేదు.

అందుకే బ్రష్షు పక్కన పడేశాను. కొత్తపేటలో మా ఇంటి డాబా మీద ఒక రేకుల గది ఉంది. అందులో కొన్నేళ్లుగా నేను చేస్తున్న పనంతా నా చేతిని మోసం చెయ్యడమే. నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బొమ్మ నేను వెయ్యకూడదు. బట్టకు ఏదో ఒకటి జరగాలి. జరిగినదాన్ని నేను చూడాలి, దాని మీదే తర్వాతి పొర పెట్టాలి. తుప్పుమొలలు బెల్లం నీళ్లలో నానబెట్టి ఆ నల్లనీళ్లు బట్ట మీద వదిలాను. పాత పేపర్లు చింపి గమ్ముతో అంటించి, ఎండాక గరుకు కాగితంతో రుద్దాను. టీ డికాక్షన్ పోశాను, నూలు పోగులు పరిచి వాటి మీద సున్నం చల్లాను. కళ్లు మూసుకుని చేశాను, ఎడమచేత్తో చేశాను, స్టూలెక్కి పైనుంచి గుమ్మరించాను. ఎలా చేసినా తెల్లారి చూస్తే ఎడమ పక్క ఒక మరక, కుడి పక్క దాని చెల్లెలు. ఎప్పుడు సర్దానో, ఎప్పుడు ఆ రెండో చుక్క వేశానో నాకే గుర్తుండేది కాదు. నా చేతులు నన్ను అడక్కుండానే జత కుదిర్చేవి.

మిరపకాయలు ఎండబెట్టడానికి మా అత్తమ్మ మల్లమ్మ డాబా మీదికి వచ్చేది. వచ్చినప్పుడల్లా గదిలోకి తొంగిచూసేది. ఆమె కూడా పోచంపల్లి మనిషే. నలభై ఏళ్లు చిటికి కట్టి, చెయ్యి ఆడిస్తూ ఆసు మీద పోగులు పోసి, కుడి భుజం పోగొట్టుకుంది.

"కొంగు మంచిగ కుదిరింది బిడ్డ" అనేది.

"అది కొంగు కాదత్తమ్మా."

"మరేంది?"

"ఏం కాదు."

"ఏం కానిదానికి ఇంత పరేషాన్ ఎందుకు?"

ఆమె వెక్కిరించేది కాదు, నిజంగానే అడిగేది. అందుకే ఇంకా ఒళ్లు మండేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నెలలో బాపిరాజుగారు మా డాబా ఎక్కి, ఉన్నవన్నీ చూసి, అలవాటైన మాట అని, ఆ తర్వాత అలవాటు లేని మాట ఒకటి అన్నారు. "దీపావళికి ముందు ఒక షో పెడుతున్నానమ్మా. ఒక గోడ మీకోసం ఖాళీగా ఉంచుతాను. పెద్దది ఒక్కటి చాలు. కాకపోతే డిజైన్ వద్దండీ."

నాకు అప్పటిదాకా ఎవరూ గోడ ఇవ్వలేదు. తలుపు పక్క సందులో, మెట్ల కింద, బాత్రూముకు వెళ్లే దారిలో నా బొమ్మలు పెట్టారు గానీ గోడ ఇవ్వలేదు. మా ఆయన విజయ్‌కుమార్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. నేను వచ్చి డిజైన్లు గియ్యాలని పెళ్లైనప్పటి నుంచి అడుగుతున్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నేనే చెప్పాను, ఈసారి కూడా కాకపోతే రేకుల గదికి తాళం వేసి దుకాణంలో కూర్చుంటానని. అతను సంతోషపడినట్టు కనబడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

సమ్మెలో ఏదీ నడిచేది కాదు. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు రాక కరెంటు పోయేది. దుకాణం మూసేసి విజయ్ ఇంట్లో కూర్చుని ప్రతి గదిలోనూ అడ్డం తగిలేవాడు. నేను పైకి పోయి పొడవాటి కాన్వాస్ బట్టకు గంజిలో సుద్దపొడి కలిపి పూత పూశాను. అలాంటి పూత ఏ మరకనైనా ఇట్టే పీల్చుకుంటుంది. ఎండాక వానలో పరిచి చూద్దామని డాబా మీద తాడుకు వేశాను. గమ్ము పూసి గట్టిపరచడం ఆఖరున చేసే పని. అప్పటిదాకా పూత కడిగితే పోతుంది.

మర్నాడు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతి వేసి తిని, దారి ఆపడం. మా కాలనీకి జేఏసీ పెద్ద జనార్ధన్ పటేల్. మా ఇళ్లన్నీ ఒకప్పుడు వాళ్ల పొలాలు. ఇంటికొకరు రావాలని గడప గడపకూ తిరిగి చెప్పాడు. నేను పొద్దున్నే ఆడవాళ్లతో కలిసి నడిచి వెళ్లాను. సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి బస్సులు వచ్చి ఆగే చోట రాళ్లు పేర్చి పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కించారు. నేను డివైడర్ మీద కూర్చుని సొరకాయలు తరిగాను. మనసంతా తాడు మీద ఆరుతున్న బట్ట మీదే ఉంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, అత్తమ్మ దాన్ని లోపల వేసిందో లేదోనని బెంగ.

అత్తమ్మ దాన్ని లోపల వెయ్యలేదు. చుట్ట చుట్టి, విజయ్ స్కూటర్ మీద పెట్టించుకుని, దాన్ని పట్టుకుని వెనక కూర్చుని చౌరస్తాకే తెచ్చింది.

నేను కాయలు తరిగి, వంట అయ్యేదాకా పొయ్యి దగ్గరే ఉండి, చేతులు కడుక్కుని వచ్చేసరికి అది రోడ్డుకు అడ్డంగా పరిచి ఉంది. దాని మీద రెండు వరుసల జనం ఎదురెదురుగా కూర్చున్నారు. ఇస్తార్లు వేశారు, అన్నం పెట్టారు, అత్తమ్మ పప్పుచారు గిన్నెతో వంగి వడ్డిస్తోంది.

"పెద్దమ్మ మంచి పట్టా తెచ్చింది చెల్లె" అన్నాడు జనార్ధన్ పటేల్, నోట్లో ముద్దతో.

నేను విజయ్‌ని పక్కకు లాగాను. "గిదెందుకు తెచ్చినవ్?"

"అమ్మ తెమ్మన్నది. గంజి పెట్టిన మందం బట్ట, బంతికి సరిగ్గ పనికొస్తదన్నది. నీ పాతదేమో అనుకున్న."

"పాతది తాడు మీద ఎందుకు ఆరేస్త?"

అతన్ని వదిలేసి బంతి వైపు తిరిగాను. లేవండి అని అరవాలనిపించింది. కానీ ఇస్తారు ముందు కూర్చున్న మనిషిని లేపడం ఎవరికీ చేతకాదు, నాకూ కాదు. మా ఇళ్లలో బద్ధ శత్రువునైనా తిని లేచాకే తిడతారు. అందుకని అక్కడే నిలబడి పళ్లు నూరుకుంటూ వాళ్లు తినడం చూశాను.

తుంపర మొదలైంది. ఎవరూ లేవలేదు. సమ్మెలో ఉన్నామన్న పట్టుదల ఒకటి, పప్పుచారు బాగుండటం ఒకటి. కొంగులు నెత్తిన కప్పుకున్నారు, పిల్లలు ఇస్తారుకు చేతులు అడ్డం పెట్టుకుని తిన్నారు. ఎవరో జరిగారు. ఒకామె పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఎవరిదో గ్లాసు పడింది. ఒక బంతి లేచి అవే చోట్లలో ఇంకో బంతి కూర్చుంది. ఆఖరు బంతి కూడా లేచి, ఇస్తార్లు తీసేశాక, బట్ట నా ముందు ఒంటరిగా మిగిలింది.

నేను దాన్ని చూశాను.

మనుషులు కూర్చున్న చోట్లన్నీ పొడిగా తెల్లగా ఉన్నాయి. చుట్టూ తుంపరకు తడిసిన దుమ్ము బూడిదరంగులోకి తిరిగింది. జనార్ధన్ పటేల్ కూర్చున్నది పెద్ద గుండ్రం. ఇద్దరు పిల్లలు అతుక్కుని కూర్చున్న చోట రెండూ కలిసి ఒకటే మరక. వాళ్ల పక్కన ఎవరూ కూర్చోని చోటు నల్లగా తడిసింది. పప్పుచారు పసుపు ఒకచోట పారి, ఇంకోచోట ఆగి, ఒక పాదం అంచున వంగి వెళ్లింది. ఈ వరుసకూ ఆ వరుసకూ ఎక్కడా జత కలవలేదు. అయినా అది ఒక్కటిగా నిలబడింది. నేను కొన్నేళ్లుగా గుమ్మరించి, గీకి, చింపి, ఏడ్చి వెతికినది రోడ్డు మీద, ఎంగిలి మెతుకుల మధ్య ఉంది. నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను, అవి ఎక్కడ సర్దడం మొదలుపెడతాయోనన్న భయంతో.

అక్కడే నిలబడి బాపిరాజుగారికి ఫోన్ చేశాను. "దొరికింది సార్. ఈసారి డిజైన్ కాదు. ఒట్టు సార్."

"మీ గొంతు వింటేనే తెలుస్తోందమ్మా. ఆదివారం వస్తాను, ఇంటి దగ్గరే చూద్దాం" అన్నారు.

ఫోన్ పెట్టేసేలోపు పోలీసులు వచ్చారు. అరుపులేమీ లేవు, అందరికీ అలవాటైన పనే. దారి తెరవాలన్నారు, మనవాళ్లు తెరిచేది లేదన్నారు, ముందు వరుసలో ఉన్నవాళ్లను వ్యాన్ ఎక్కించారు. నేను ముందు వరుసలో లేను. బట్టను ఎవరూ తొక్కకుండా దాని ముందు నిలబడ్డాను. అది ముందు వరుస అయిపోయింది. ఒక ఆడ కానిస్టేబుల్ నా మోచెయ్యి పట్టుకుని, "ఎక్కమ్మా, సాయంత్రం ఇడుస్తరు" అంది.

వ్యాన్ కిటికీలోంచి అరిచాను. "అత్తమ్మా, బట్టను జర ముడత పడకుండ తీస్కపో. నా రూంల పెట్టు."

"నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డ, నేను జూసుకుంట" అంది అత్తమ్మ.

ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. మిగతావాళ్లు నినాదాలు ఇస్తూ, పాటలు పాడుతూ ఉన్నారు. నేను కూడా గొంతు కలిపాను, కానీ లోపల నడుస్తున్నది వేరే. గమ్ము ఎంత పలచగా కలపాలి, బ్రష్షు తగలకుండా పైనుంచి ఎలా చిలకరించాలి, చట్రం ఎవరితో చేయించాలి. జనార్ధన్ పటేల్ వచ్చి, "ఏం చెల్లె, అరెస్ట్ చేసినా మొఖం ఎలిగిపోతున్నది" అన్నాడు. ఉద్యమం మీద నాకున్న ప్రేమకు ఆయన ఆ రోజు చాలా మురిసిపోయాడు.

సాయంత్రం వదిలేశారు. ఇంటిదాకా ఇంచుమించు పరుగెత్తాను. చెప్పులు కూడా విడవకుండా డాబా ఎక్కాను.

బట్ట రెండు తాళ్ల మధ్య నాలుగు వైపులా లాగి కట్టి ఉంది. ముడత లేదు. తెల్లగా, బిరుసుగా, అప్పుడే మగ్గం మీంచి దింపినట్టు ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక మూల లేత పసుపు నీడ. అది కూడా రెండు ఎండలకు పోయేదే. కింద బక్కెట్లో సబ్బునీళ్లు, పక్కన గంజి గిన్నె. అత్తమ్మ గోడకు ఆనుకుని కుడి భుజం ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఏందత్తమ్మా ఇది?"

"కడిగిన బిడ్డ. అంత మంది తిన్న ఎంగిలి బట్ట, కడగకుంట ఇంట్లకెట్ల తీస్కపోవాలె? పసుపు ఎండితే ఇడువదు గదా, అందుకే రాంగనే నానవెట్టిన. విజయ్ జర పిండిండు. ముడత పడొద్దంటివి గదా, సుట్టూ లాగి కట్టిన."

నా నోట మాట మంచిగా రాలేదు.

"అది నా పని అత్తమ్మా. నా పనంత కడిగి పోసినవ్."

ఆమె బట్టవైపు చూసింది, నా వైపు చూసింది. "నీ పనా? అండ్ల నువ్వేం జేసినవ్ బిడ్డ? గంజి వెట్టినవ్. గంజి నేను గూడ మల్ల వెట్టిన."

నేనేం చేశాను? నేను చూశాను. ఆ మాట పైకి అంటే నాకే నవ్వొచ్చేలా ఉంది. జనం కూర్చున్నారు, ఆమె వడ్డించింది, వాన పడింది. నేను డివైడర్ పక్కన నిలబడి చూశాను. అది పనేనని నిరూపించమంటే ఏ కాగితం చూపించను? కోపానికి ఒక దారంటూ ఉంటే బాగుండేది. ఎదురుగా చూస్తే నొప్పి భుజంతో అంత బరువు బట్ట ఉతికిన మనిషి. తిట్టలేను, ఊరుకోలేను. గదిలోకి పోయి తలుపేసుకుని, గరుకు కాగితంతో పాత బొమ్మ ఒకదాన్ని బట్ట చిరిగేదాకా రుద్దాను.

ఆ తర్వాత మాటలు బంద్. బయట సకల జనుల సమ్మె, లోపల నా ఒక్కదాని సమ్మె. విజయ్ నా మీద జాలిపడి, తడి బట్ట మీద కూర్చుంటాను కావాలంటే అన్నాడు. కూర్చోబెట్టాను కూడా. ఒక్కడి మరక పడింది. పడగానే నా చెయ్యి, "ఇప్పుడు ఇటు జరుగు" అని సరిగ్గా అంతే దూరం చూపించింది. అతన్ని లేపి పంపేశాను. గుర్తున్నంత మేరకు కాగితం మీద దించుదామని కూర్చుంటే, ఎడమ పక్క జనార్ధన్ పటేల్, కుడి పక్క ఆయనకు లేని కవల తమ్ముడు తేలారు. అన్నీ చింపి పారేశాను.

శనివారం నాడు ఇంట్లో ఊపిరాడక సైదాబాద్‌లో మా అమ్మ దగ్గరికి నడిచి పోయాను. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మెట్ల దగ్గర చాలా చెప్పులు ఉన్నాయి. కాలనీ ఆడవాళ్లు కొంగులకు చేతులు తుడుచుకుంటూ దిగి వస్తున్నారు. వాళ్లలో సైదమ్మ నన్ను చూసి, "మీ అత్త మంచి దావత్ ఇచ్చింది" అంటూ వెళ్లిపోయింది.

పైకి వెళ్లాను. నా గది తలుపు తెరిచి ఉంది. బట్ట లోపల నేల మీద పరిచి ఉంది. అత్తమ్మ గడప మీద, ఈగలు వాలకుండా చేతి విసనకర్రతో, కాపలా కూర్చుంది.

"సుద్ద గూడ కలిపి పూసిన, నువ్వు కలుపుతుంటే జూసిన గద" అంది. ఆమె నాతో మాట్లాడి మూడు రోజులైనట్టు ఎక్కడా తేలనివ్వలేదు. "డాబా మీద అందర్ని కూసవెట్టి తినవెట్టిన. వాన లేదు గదా, విజయ్‌తోని చెంబుల నీళ్లు సల్లిచ్చిన. పప్పుచారు గూడ జరంత జరంత ఒలకవోసిన. అన్నీ గట్లనే జేసిన. జూడు బిడ్డ, గట్లనే ఒచ్చిందా?"

చూశాను. రెండు వరుసలు. ఒక్కో మనిషికీ ఒకటే దూరం. ఈ వరుసలో ఒక తెల్ల గుండ్రం ఉంటే దానికి సూటిగా ఎదురుగా ఆ వరుసలో ఇంకొకటి. రెండింటి మధ్య ఒక గంటెడు పసుపు. మళ్లీ రెండు గుండ్రాలు, మళ్లీ ఒక గంటెడు పసుపు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తప్పలేదు. పోచంపల్లి చీర అంచు. దాన్ని అలాగే తీసుకుపోయి విజయ్ దుకాణంలో వేలాడదీయొచ్చు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ముందు వచ్చింది కోపమే. ఇంత చేసి కూడా ఇదేనా అని. ఆ తర్వాత బట్ట మీద ఎండుతున్న మెతుకులు కనిపించాయి. మెతుకులు నా గదిలో, మా ఇంట్లో ఉన్నాయి. కూర తిన్న చేత్తో మంచినీళ్ల బిందె ముట్టుకుంటే చేతి మీద కొట్టే మనిషి ఆమె.

"కడగలేదా?" అన్నాను.

"కడిగితె నీకు పనికిరాదంటివి గదా" అంది, నా వైపు చూడకుండా.

ఆదివారం బాపిరాజుగారు వచ్చారు. రోడ్ల మీద రెండు చోట్ల ఆపారట, చెమటతో వచ్చారు. అత్తమ్మ టీ తెచ్చింది. ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని బట్ట ముందు నిలబడ్డారు. తల కాస్త పక్కకు వంచారు. నాకు అర్థమైపోయింది.

"బాగుందమ్మా" అన్నారు. "చాలా నీటుగా..." అని ఆగిపోయారు. ఆ మాట అనడం ఆయనకే కష్టంగా ఉంది. "మీరు ఫోన్లో చెప్పింది ఇదేనాండీ?"

గడప దగ్గర అత్తమ్మ ఖాళీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. విజయ్ మెట్ల మీద ఉన్నాడు. నేను ఒక్క మాట చెబితే చాలు. ఇది కాదు సార్, అది వేరే, మా అత్తమ్మ తెలియక కడిగేసింది అంటే ఆయన జాలిపడేవారు. ఇంకో పదిరోజులు గడువు కూడా ఇచ్చేవారేమో.

"కాదు సార్. దాన్ని నేనే కడిగేసిన."

"అయ్యయ్యో, ఎందుకమ్మా?"

"ఎంగిలైంది సార్. ఎంగిలి బట్ట ఇంట్ల పెట్టుకోరాదు గద."

ఆయన నన్నూ, మెతుకులంటిన బట్టనూ మార్చి మార్చి చూశారు. ఇంకేమీ అడగలేదు. పెద్దమనిషి. ఆ గోడకు హరీష్ అనే కుర్రాడి పనులు ఉన్నాయని, ఈసారికి అవి పెడతానని, నేను మాత్రం ఆపొద్దని చెప్పి టీ పూర్తిగా తాగి వెళ్లారు. కారు శబ్దం సందు చివర దాకా వినబడింది. గోడ పోయింది. దుకాణం మాట విజయ్ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు, ఇచ్చిన మాట నాకు గుర్తుంది. సమ్మె అయ్యి దుకాణం తెరిచిన రోజు పోయి కూర్చోవాలి.

అత్తమ్మ కొంగు నడుముకు దోపి బట్టకు ఒక కొన పట్టుకుంది. "ఇప్పుడన్న కడుగుదామా?"

"కడుగుదాం."

ఇద్దరం డాబా మీదికి లాగి పంపు కింద వేశాం. నీళ్లు తాగి అది ఏనుగంత బరువైంది. ఆమెకు భుజం లేవడం లేదు, అందుకని పిండే పని నేను తీసుకున్నాను, ఆమె కొన పట్టుకుంది.

"నేను కడిగిన అని ఎందుకు జెప్పలే?" అంది.

"తెల్వదు. కోపమైతె పోలే అత్తమ్మా. ఇంకా నీ మీద కోపమే ఉన్నది."

"ఉండనీ" అంది. కాసేపు నీళ్లు కారడం చూసింది. తర్వాత అడిగింది, ఇన్నేళ్లలో నా గదికి వచ్చిన వాళ్లెవరూ అడగని మాట. "ఆ దినం నువ్వు జూసింది ఎట్లుండె? నాకు జెప్పు."

చెప్పాను. పిండుతూనే చెప్పాను. పటేల్ గుండ్రం, పక్కన పిల్లలిద్దరి మరక, పాదం చుట్టూ వంగిన పసుపు. ఆమె ఒక్కొక్కటీ ఎవరిదో గుర్తుపట్టి తలాడిస్తోంది. "ఆ పిల్లలు రాములమ్మ మనుమలు" అంది. "ఆళ్ల పక్కకు?"

"ఆళ్ల పక్కకు ఎవ్వలు లేరు. ఒక జాగ ఖాళీ. అండ్ల వాన నిండ పడ్డది, అంత నల్లగ అయ్యింది. నా కన్ను మల్ల మల్ల అక్కడికే పోయింది. ఆ ఒక్క ఖాళీ లేకుంటె అది గూడ చీర అంచే అయ్యేది. బొమ్మంత ఆ ఖాళీతోనే నిలబడ్డది అత్తమ్మా."

ఆమె చేతిలో కొన వదులైంది.

"అది నా జాగ బిడ్డ" అంది. "బంతి బంతికి నన్ను గూడ కూసొమ్మని అదే జాగల ఇస్తారేసిండ్రు. వడ్డించుకుంట పోయి మల్ల కూసోలే. నిన్న నీ పని సక్కగ రావాలెనని, నేను గూడ కూసున్న."

నేను పిండడం ఆపాను. మా మధ్య బట్ట నీళ్లు ఓడుతూ వేలాడింది. ఆమె కొనను మళ్లీ గట్టిగా పట్టుకుని, లాగమన్నట్టు తలూపింది.